రెండు లైసెన్సులు, ఒక చివరి బంతి: సుల్తాన్ బజార్ చెప్పే టెలికాం షేర్ల చరిత్ర

ఈ వారం మన ఎపిసోడ్ కోఠిలో.

గ్రీన్ లైన్ మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగి మెట్లు దిగండి. చీరలు, గాజులు, చెప్పులు, బ్యాగులు. పది అడుగులకో మొబైల్ కవర్ల బండి. కాస్త ముందుకెళ్తే గుజరాతీ గల్లీ: చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, వైర్లు, స్పీకర్లు. హైదరాబాద్‌లో ఫోన్ వాడే వాళ్ళలో ఇక్కడ ఒక్కసారైనా జేబులో చెయ్యి పెట్టని వాళ్ళు తక్కువ.

ఈ మధ్య చిక్కడపల్లి, అశోక్ నగర్ వైపు హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళు నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆ టెలికాం షేర్ పది రూపాయల లోపే ఉంది కదా, ఇంక కిందికి ఎక్కడికి పోతుంది? పైగా గవర్నమెంట్ దాన్ని మునగనివ్వదు అంటున్నారు. ఒక వెయ్యి షేర్లు తీసుకుని పక్కన పడేద్దామా?"

కొనండి, కొనొద్దు అని నేను చెప్పను. నేను సెబీ దగ్గర రిజిస్టర్ అయిన అడ్వైజర్‌ని కాదు, మనది చరిత్ర ఛానల్. కానీ ఈ ప్రశ్నలో రెండు నమ్మకాలు ఉన్నాయి. ఒకటి, ధర తక్కువైతే రిస్క్ తక్కువ. రెండు, ప్రభుత్వం కంపెనీని కాపాడితే మన డబ్బు కూడా దక్కుతుంది. ఈ రెండూ ఎంతవరకు నిజమో సుల్తాన్ బజార్ రెండు వందల ఏళ్ళుగా చెబుతూనే ఉంది. అదేంటో చూద్దాం.

రెసిడెన్సీ నీడలో ఒక బ్యాంకు

టెలికాం కథకి రెండు వందల ఏళ్ళ వెనక్కి ఎందుకు అంటారా? లైసెన్సు మీద బతికే వ్యాపారం ఎలా కూలుతుందో ఈ పేటలో మొదట చూసింది అప్పుడే.

కోఠి విమెన్స్ కాలేజీగా పేరుపడిన ఆ పెద్ద తెల్లటి భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టూ పెరిగిన బజారు రెసిడెన్సీ బజార్. అక్కడ నిజాం అధికారం నడిచేది కాదు, రెసిడెంటు మాట నడిచేది. అందుకే సాహుకార్లు, వడ్డీ వ్యాపారులు అక్కడ చేరారు. 1933లో ఆ బజారు తిరిగి నిజాం చేతికి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది.

ఆ రెసిడెన్సీ అండతో 1814లో విలియం పామర్ అనే ఆయన ఒక కంపెనీ పెట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి మొఘల్ ఖాందాన్ స్త్రీ. పామర్ అండ్ కంపెనీ అసలు పని నిజాం ప్రభుత్వానికి అప్పులివ్వడం. సైన్యానికి జీతాలివ్వాలి, ఖజానాలో డబ్బుల్లేవు. ప్రభుత్వం నడిపే చందూలాల్‌కి అప్పు కావాలి. పామర్ దగ్గర డబ్బు ఉంది. వడ్డీ ఏడాదికి 24, 25 శాతం దాకా.

అయితే ఒక అడ్డంకి ఉంది. 1797 నాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా యూరోపియన్లు దేశీయ రాజులకి అప్పు ఇవ్వకూడదు. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆ అనుమతి ఇచ్చాడు. ఆ కంపెనీలో ఒక భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. ఆయన పెళ్లి చేసుకున్నది హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన అమ్మాయిని. ఇంక చెప్పేదేముంది? పై నుంచి అండ ఉంది, చేతిలో లైసెన్సు ఉంది, కస్టమర్ సాక్షాత్తూ ప్రభుత్వం. ఇంతకంటే సేఫ్ ఇన్వెస్ట్‌మెంట్ ఉంటుందా అని ఆ రోజుల్లో ఎవరైనా అనుకుంటారు.

1820లో 60 లక్షల రూపాయల పెద్ద అప్పు. అదే ఏడాది కొత్త రెసిడెంటుగా చార్లెస్ మెట్కాఫ్ వచ్చాడు. లెక్కలు తిరగేశాడు. ఆ 60 లక్షల్లో 8 లక్షలు అసలు ఖజానాకి చేరనే లేదని, అది కంపెనీ బోనస్‌గా రాసుకున్నదని తేల్చాడు. లండన్‌లోని డైరెక్టర్లు కూడా అప్పటికే ఈ లైసెన్సు మీద గుర్రుగా ఉన్నారు. చివరికి అనుమతి రద్దయింది. 1823లో ఈస్టిండియా కంపెనీయే డబ్బు సర్ది ఆ బాకీకి చెల్లు రాయించింది. బదులుగా నిజాం ఏం వదులుకున్నాడో తెలుసా? ఉత్తర సర్కారులకి, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రకి గాను ఏటా తనకి రావాల్సిన 7 లక్షల పేష్కష్. 1824లో పామర్ కంపెనీ చేతులెత్తేసింది.

గమనించండి. హైదరాబాద్‌లో అప్పు అవసరం ఏమైనా తగ్గిందా? లేదు. కస్టమర్ పారిపోయాడా? లేదు. పోయింది లైసెన్సు ఒక్కటే. ఆ ఒక్కదాని మీద కట్టిన మేడంతా దాంతో పాటే కూలింది. ఇది గుర్తు పెట్టుకోండి, టెలికాం దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

కోఠిలో షేర్ల బజారు

1943 నవంబరు 14న హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. ఎక్కడో కాదు, కోఠిలోనే ఒక అద్దె భవనంలో. 1987లో పక్కనే బ్యాంక్ స్ట్రీట్‌కి మారింది. 1989లో హిమాయత్‌నగర్‌లో సొంత భవనం, అప్పటి ఉపరాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ప్రారంభించారు. నారాయణగూడ నుంచి నడిచి వెళ్ళేంత దూరం.

అప్పట్లో షేర్ అంటే కాగితం. కొంటే ఆ సర్టిఫికెట్టు మీ పేరు మీదకి మారి చేతికి రావడానికి వారాలు, నెలలు పట్టేది. ముంబైలో ఎన్‌ఎస్‌ఈ కంప్యూటర్ ట్రేడింగ్ మొదలుపెట్టాక ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకి పని తగ్గిపోయింది. 2007లో సెబీ హైదరాబాద్ ఎక్స్ఛేంజ్ గుర్తింపు రద్దు చేసింది. ఇప్పుడు ఆ బజారంతా మీ చేతిలో ఫోన్‌లో ఉంది. మెట్రో వచ్చేలోపు ఒక కంపెనీలో వాటా కొనేయొచ్చు. కొనడం సులువైంది. రిస్క్ తూచడం మాత్రం 1943లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం.

మన సర్కిల్‌లో రెండు లైసెన్సులు

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

1994లో జాతీయ టెలికాం విధానం వచ్చింది. ప్రైవేటు కంపెనీలు మొబైల్ సర్వీసు ఇవ్వొచ్చు. దేశాన్ని సర్కిళ్ళుగా విడగొట్టారు. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో, రాష్ట్రం విడిపోయినా ఇప్పటికీ రెండు రాష్ట్రాలకీ కలిపి అదే పేరు, ఇద్దరికి లైసెన్సులు దక్కాయి. ఒకటి టాటా సెల్యులార్, రెండోది జేటీ మొబైల్స్.

వేలంలో పూనకాలు వచ్చినట్టు పాడారు. హిమాచల్ ఫ్యూచరిస్టిక్ అనే కంపెనీ తొమ్మిది సర్కిళ్ళలో ల్యాండ్‌లైన్ లైసెన్సులకి కలిపి 85,000 కోట్లు పాడింది. 1995లో! నిమిషం కాల్‌కి 16 రూపాయల దాకా ఉన్న రోజులవి. ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు. అంత రేటు పెట్టి ఎంతమంది మాట్లాడతారు? ఫీజులు కట్టలేక మొత్తం ఇండస్ట్రీ చతికిలపడింది. ఇది మన టెలికాం మొదటి సంక్షోభం.

1999లో ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. పెద్ద మొత్తాలు కట్టనక్కర్లేదు, వచ్చిన ఆదాయంలో కొంత శాతం కడితే చాలు అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ "ఆదాయం" అంటే ఏమిటి? ఫోన్ బిల్లుల మీద వచ్చింది మాత్రమేనా? కంపెనీ బ్యాంకులో వేసుకున్న డబ్బు మీద వడ్డీ? అద్దెలు? పాత సామాను అమ్మితే వచ్చింది? అన్నీ కలపాలని ప్రభుత్వం, కలపకూడదని కంపెనీలు. దీని పేరే ఏజీఆర్ గొడవ. కాపాడిన మందులోనే విషపు చుక్క మిగిలిపోయింది. అది ఇరవై ఏళ్ళ తర్వాత పనిచేసింది.

మన రెండు లైసెన్సుల సంగతి చూడండి. జేటీ మొబైల్స్‌ని 1999లో భారతీ కొనేసింది. అంటే అది ఎయిర్‌టెల్ అయింది. టాటా సెల్యులార్ 2001లో బిర్లా ఏటీ అండ్ టీతో కలిసింది, 2002లో ఐడియా అనే పేరు పెట్టుకుంది. 2006లో టాటాలు తమ వాటా బిర్లాలకి అమ్మేసి తప్పుకున్నారు. 2018లో ఐడియా వొడాఫోన్‌తో కలిసి వొడాఫోన్ ఐడియా అయింది.

అంటే 1995లో మన సర్కిల్‌లో పక్కపక్కనే మొదలైన రెండు లైసెన్సులూ చివరికి రెండు లిస్టెడ్ కంపెనీల్లో తేలాయి. ఒకటి ఎయిర్‌టెల్, ఇంకొకటి మీరడిగే ఆ పది రూపాయల షేర్. ఒకే ఊరు, ఒకే కస్టమర్లు, ఒకే రూల్స్. మరి ఒకటి ఎక్కడికో వెళ్ళి, ఇంకొకటి అక్కడే ఎందుకు ఆగింది?

బంతి భోజనం లెక్క

దీనికి ముందు ఒక్క విషయం అర్థం కావాలి. కంపెనీ సంపాదించిన డబ్బు ఎవరికి ఏ వరుసలో వెళ్తుంది?

పెళ్లి భోజనాలు అనుకోండి. మొదటి బంతిలో ఎవరు కూర్చుంటారు? ఖర్చులు: టవర్ల అద్దె, కరెంటు, జీతాలు. తర్వాత ప్రభుత్వం: లైసెన్సు ఫీజు, స్పెక్ట్రమ్ వాయిదాలు. ఆ తర్వాత బ్యాంకులు: అసలు, వడ్డీ. అందరూ తిన్నాక చివరి బంతి షేర్‌హోల్డర్లది. గిన్నెలో ఎంత మిగిలితే అంత. బాగా మిగిలితే మొత్తం మీదే, అందుకే షేర్లలో లాభాలు అంత పెద్దగా ఉంటాయి. మిగలకపోతే ఖాళీ విస్తరి. దివాలా చట్టంలో కూడా కంపెనీని అమ్మేస్తే అందరికన్నా చివర్లో ఉండేది మామూలు షేర్‌హోల్డరే.

టెలికాంలో చిక్కేమిటంటే ముందు బంతులు చాలా పెద్దవి. నెట్‌వర్క్ వేయాలి, స్పెక్ట్రమ్ కొనాలి, మూడు జీ అయ్యాక నాలుగు జీ, అది అయ్యాక ఐదు జీ. 2010లో ఒక్క మూడు జీ వేలంలోనే ప్రభుత్వానికి 67,000 కోట్లకు పైగా వచ్చింది. ఆ డబ్బులో పెద్ద భాగం అప్పు చేసి కట్టిందే.

లైసెన్సు రిస్క్ కూడా మళ్ళీ చూశాం. 2008లో ఇచ్చిన 122 టూ జీ లైసెన్సుల్ని 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఒక్క తీర్పుతో రద్దు చేసింది. పామర్ కంపెనీ గుర్తొచ్చిందా? కస్టమర్లు అక్కడే ఉన్నారు, లైసెన్సు పోయింది.

2016 సెప్టెంబర్

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. కాల్స్ ఉచితం, డేటా కొన్ని నెలల పాటు ఉచితం. సుమారు ఆరు నెలల్లో 10 కోట్ల మంది చేరారు. మీలో చాలామందికి మొదటి డేటా సిమ్ అదే అయ్యుంటుంది. తర్వాత ఏడాది, ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కి కట్టే కాల్ చార్జీని ట్రాయ్ 14 పైసల నుంచి 6 పైసలకి తగ్గించింది. పాత కంపెనీలకి అది ఇంకో దెబ్బ.

వరసపెట్టి వికెట్లు పడ్డాయి. టెలినార్ ఇండియా ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. టాటా టెలీసర్వీసెస్ మొబైల్ వ్యాపారం కూడా ఎయిర్‌టెల్ చేతికే వెళ్ళింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. ఆర్‌కామ్, అంటే అనిల్ అంబానీ రిలయన్స్ కమ్యూనికేషన్స్, 2019లో దివాలా బాట పట్టింది. ఆర్‌కామ్ షేర్ 2008 జనవరిలో 800 రూపాయలు దాటింది. 2019 మధ్యకి ఒకటి రెండు రూపాయల దగ్గరికి వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ షేర్ 800 నుంచి 100కి వచ్చినప్పుడు "చాలా పడింది, ఇప్పుడు చవక" అని కొన్నవాళ్ళు ఉంటారు. 50 దగ్గర కొన్నవాళ్ళు ఉంటారు. 10 దగ్గర, "ఇంక కిందికి ఎక్కడికి పోతుంది" అని కొన్నవాళ్ళూ ఉంటారు. 10 రూపాయల షేర్ 1 రూపాయికి వస్తే పోయింది 9 రూపాయలు కాదండి, 90 శాతం. 800 షేర్ 80కి వచ్చినా అంతే నష్టం. చవక, ఖరీదు అనేది షేర్ ధరలో లేదు. మొత్తం కంపెనీ విలువ ఎంత, నీ ముందు వరుసలో ఎంత అప్పు ఉంది, అందులో ఉంది.

ఇంకో మాట. ఈ మొత్తం కాలంలో ఫోన్ వాడకం తగ్గిందా? డేటా వాడకం ఆకాశానికి ఎక్కింది. కోఠిలో కవర్ల బండ్లు పెరిగాయి. సరుకుకి గిరాకీ పెరుగుతూనే, ఆ సరుకు అమ్మే కంపెనీలు మునిగాయి. "అందరూ ఫోన్ వాడుతున్నారు కాబట్టి టెలికాం షేర్ పెరుగుతుంది" అనే మాట చెల్లదని 2016 నుంచి 2019 దాకా మూడేళ్ళు చూపించింది.

2019 వేసవి: ఒకే మొత్తం, రెండు కంపెనీలు

2019 వేసవిలో ఒక విచిత్రం జరిగింది. మన రెండు పాత లైసెన్సుల వారసులూ నెల తేడాలో షేర్‌హోల్డర్ల ముందుకి వచ్చి చెరి సుమారు 25,000 కోట్లు అడిగారు. రైట్స్ ఇష్యూ అంటారు దీన్ని, ఉన్న షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు అమ్మడం. ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా, షేర్ 12 రూపాయల 50 పైసలకి. మే నెలలో ఎయిర్‌టెల్, షేర్ 220 రూపాయలకి.

ఫోన్‌లో చూసేవాడికి ఏది చవక అనిపిస్తుంది? పన్నెండున్నరే కదా.

అప్పటికి జనం ముందున్న లెక్కలు, అంటే 2018 డిసెంబర్ త్రైమాసికం ఫలితాలు చూద్దాం. తర్వాత ఏం జరిగిందో తెలిసి మాట్లాడటం సులువు, అందుకే అప్పుడు తెలిసినవే తీసుకుంటున్నాను. అప్పు ఇద్దరికీ లక్ష కోట్లకు పైనే. అంటే ముందు బంతి ఇంచుమించు ఒకటే.

గిన్నెలో ఉన్నది చూడండి. ఖర్చులు పోగా, వడ్డీ కట్టకముందు మిగిలేది, దాన్నే ఎబిట్డా అంటారు. వొడాఫోన్ ఐడియాకి ఆ మూడు నెలల్లో వచ్చింది 1,137 కోట్లు. నాలుగుతో హెచ్చిస్తే ఏడాదికి సుమారు 4,500 కోట్లు. ఒక లక్షా 20 వేల కోట్ల అప్పుకి 8 శాతం వడ్డీ అనుకున్నా 9,600 కోట్లు కావాలి. వడ్డీకే సగం చాలదు, ఇంక అసలు ఎప్పుడు, కొత్త టవర్లు ఎప్పుడు? ఎయిర్‌టెల్‌కి అదే త్రైమాసికంలో ఆఫ్రికా వ్యాపారంతో కలిపి 6,000 కోట్లకు పైగా. ఏడాదికి 24,000 కోట్లు. వడ్డీ కట్టాక కూడా కొంత మిగులుతుంది.

ఒక్కో కస్టమర్ నుంచి నెలకి వచ్చేది ఎయిర్‌టెల్‌కి 104 రూపాయలు, వొడాఫోన్ ఐడియాకి 89. రెండు కంపెనీలు కలిసినప్పుడు 40 కోట్లకు పైగా ఉన్న కస్టమర్లు అప్పటికే తగ్గడం మొదలైంది. 2019 సెప్టెంబర్ నాటికి 31 కోట్లకు వచ్చారు.

ఇంకో తేడా: కష్టం వస్తే అమ్ముకోవడానికి ఏముంది? ఎయిర్‌టెల్‌కి ఆఫ్రికా ఉంది, దాన్ని ఆ వేసవిలోనే లండన్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ చేసి డబ్బు తెచ్చింది. టవర్ల కంపెనీలో వాటా ఉంది. వొడాఫోన్ ఐడియా దగ్గర అలాంటివి తక్కువ. యజమానులు మాత్రం చిన్నవాళ్ళు కాదు. ఆ రైట్స్ ఇష్యూలో వొడాఫోన్ గ్రూప్ 11,000 కోట్లు, బిర్లా గ్రూప్ 7,250 కోట్లు పెట్టాయి. "అంత పెద్దవాళ్ళు పెడుతున్నారు కదా" అనేది అప్పట్లో బలమైన వాదన. కాదనలేం. కానీ పెద్దవాళ్ళు ఒకసారి పెట్టడం వేరు, మళ్ళీ మళ్ళీ పెట్టడం వేరు.

అక్టోబర్ 24

2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ఏజీఆర్ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం చెప్పిందే సరైన అర్థం అంది. అన్నేళ్ళ బాకీ, దాని మీద వడ్డీ, పెనాల్టీ, పెనాల్టీ మీద వడ్డీ. అసలు కన్నా కొసరు ఎక్కువ. ప్రభుత్వ లెక్కలో వొడాఫోన్ ఐడియా బాకీ సుమారు 58,000 కోట్లు, ఎయిర్‌టెల్‌ది సుమారు 44,000 కోట్లు.

ఆ సెప్టెంబర్‌తో ముగిసిన త్రైమాసికం లెక్కల్లో వొడాఫోన్ ఐడియా నష్టం 50,921 కోట్లు. అప్పటిదాకా మన దేశంలో ఏ కంపెనీకీ ఒక త్రైమాసికంలో అంత నష్టం రాలేదు. ఎయిర్‌టెల్‌కి కూడా 23,045 కోట్ల నష్టం. షేర్ మాటకొస్తే ఏప్రిల్‌లో 12.50 పెట్టి కొన్న వొడాఫోన్ ఐడియా షేర్ నవంబర్‌లో 3 రూపాయల కిందికి కూడా పోయింది.

ఈ కేసు రహస్యమా? కాదు. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతోంది. కంపెనీల వార్షిక నివేదికల్లో వెనక పేజీల్లో "కంటింజెంట్ లయబిలిటీస్" అని ఒక భాగం ఉంటుంది. అంటే ఇప్పుడు బాకీ కాదు, కేసు ఓడితే బాకీ అవుతుంది అని. మొదటి పేజీల్లో ఛైర్మన్ నవ్వుతున్న ఫోటో ఉంటుంది, రిస్క్ అంతా వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దెబ్బ ఇద్దరికీ తగిలింది. కానీ ఎయిర్‌టెల్ రెండున్నర నెలల్లో, 2020 జనవరిలో, పెద్ద ఇన్వెస్టర్ల దగ్గర షేర్ 445 రూపాయల చొప్పున కొత్త డబ్బు తెచ్చుకుంది. అంటే మేలో అమ్మిన 220కి రెట్టింపు ధరకి. అదే డబ్బు సగం ధరకి తేవాల్సి వస్తే పాత షేర్‌హోల్డర్ వాటా ఎంత కరిగేదో ఊహించండి. సంక్షోభంలో అసలు పరీక్ష అక్కడే ఉంది: రేపు డబ్బు కావాల్సి వస్తే ఎవరిస్తారు, ఏ ధరకి ఇస్తారు?

కంపెనీని కాపాడారు. మరి షేర్‌హోల్డర్‌ని?

ఇక రెండో నమ్మకానికి వద్దాం. ప్రభుత్వం మునగనివ్వదు. నిజమే, మునగనివ్వలేదు. 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఏజీఆర్ కట్టడానికి పదేళ్ళ గడువు ఇచ్చింది. 2021లో పరిస్థితి ఎంత దూరం వెళ్ళిందంటే, కుమార మంగళం బిర్లా తన వాటాని ప్రభుత్వానికి ఇచ్చేయడానికి సిద్ధం అని లేఖ రాశారు. ఆ సెప్టెంబర్‌లో కేంద్రం ప్యాకేజీ ప్రకటించింది, నాలుగేళ్ళు బాకీలు కట్టకుండా ఆగొచ్చు అంది. 2023లో 16,133 కోట్ల వడ్డీ బాకీకి బదులు ప్రభుత్వం షేర్లు తీసుకుంది. 2024లో కంపెనీ జనం దగ్గర షేర్ 11 రూపాయలకి 18,000 కోట్లు సేకరించింది. 2025లో ఇంకో 36,950 కోట్ల బాకీ షేర్లుగా మారింది. ప్రభుత్వ వాటా 49 శాతం దగ్గరికి చేరింది.

సిమ్ పనిచేస్తూనే ఉంది. మూడో కంపెనీ బతికే ఉంది. కస్టమర్‌కి అది మంచిది, పోటీ ఉంటేనే రేట్లు అదుపులో ఉంటాయి. ఉద్యోగులకి మంచిది. దేశానికి మంచిదే.

చివరి బంతిలో కూర్చున్న వాడికి? 2019 రైట్స్ ఇష్యూ తర్వాత ఆ కంపెనీకి ఉన్న షేర్లు సుమారు 2,870 కోట్లు. 2025లో ఆ సంఖ్య 10,800 కోట్లు దాటింది. అంటే చివరి బంతిలో ఒక్కడు కూర్చున్న చోట నలుగురు కూర్చున్నారు. గిన్నె అదే. కంపెనీ మొత్తం విలువ నాలుగింతలు పెరిగినా పాత షేర్ ధర దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే 2025లో కూడా ఆ షేర్ పది రూపాయల చుట్టూనే తిరిగింది. "ఒకప్పుడు ఐడియా షేర్ వంద పైన ఉండేది, మళ్ళీ అక్కడికి వెళ్ళదా" అనే వాళ్ళకి ఈ ఒక్క లెక్క చాలు.

ఎయిర్‌టెల్ షేర్ 2024లో 1,500 దాటింది. 220 పెట్టిన వాడికి దాదాపు ఏడు రెట్లు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వొడాఫోన్ ఐడియా షేర్‌ని 2019 నవంబర్‌లో 3 రూపాయలకి కొని, 2024లో 15 పైన అమ్ముకున్నవాడికి ఐదు రెట్లు. అలాంటి వాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు కొన్నది కోర్టు ఏమంటుంది, కేబినెట్ ఏమంటుంది అనే దాని మీద పందెం. పందెం తప్పు అనను. పందెం అని తెలిసి ఆడటం ఒకటి, సేవింగ్స్ అనుకుని ఆడటం ఇంకొకటి. హాస్టల్ ఫీజు డబ్బుతో పందెం ఆడకూడదు, అంతే. అలాగే 2002లో ఎయిర్‌టెల్ 45 రూపాయలకి ఐపీఓకి వచ్చినప్పుడు ప్రపంచమంతా టెలికాం కుప్పకూలుతోంది. అమెరికాలో ఆ జనవరిలో గ్లోబల్ క్రాసింగ్, జూలైలో వరల్డ్‌కామ్ దివాలా తీశాయి. ఎయిర్‌టెల్ షేర్ కూడా ఇష్యూ ధర కన్నా బాగా కిందికి పోయింది. అప్పుడు ఓపిక పట్టిన వాళ్ళకి మంచి ఫలితమే దక్కింది. కాబట్టి ఇండస్ట్రీ పడిపోయినప్పుడు కొనడం పిచ్చి పని కాదు. ఎవరిని కొంటున్నామో చూడాలి.

మీ చేతిలో ఫోన్ ఉంది కాబట్టి

టెలికాం ఒక్కటే కాదు, రేపు ఏ ఇండస్ట్రీ పడినా ఈ నాలుగు అడగండి. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది, ఒక గంట పని.

నా ముందు బంతుల్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళకి ఎంత పెట్టాలి?
ఏడాదికి గిన్నెలోకి వచ్చేది ముందు వాళ్ళ వడ్డీకైనా సరిపోతుందా?
వెనక పేజీల్లో ఏ కేసు దాగి ఉంది, ఓడిపోతే ఎంత?
కొత్త డబ్బు కావాల్సి వస్తే ఎవరిస్తారు, ఏ ధరకి, అప్పుడు నా వాటా ఎంత మిగులుతుంది?

ఈ నాలుగింట్లో ఇవాళ్టి షేర్ ధర ఎక్కడా లేదు చూశారా? చివర్లో చూడాల్సిన దాన్ని మనం మొదట చూస్తున్నాం.

పామర్ కంపెనీలో డబ్బు వేసిన వాళ్ళకి ఈ లెక్కలు చూసే అవకాశం లేదు. ఆ ఖాతాలు లోపల ఏముందో మెట్కాఫ్ లాంటి వాడు వచ్చి తవ్వితే గానీ బయటపడలేదు. మీకు అలా కాదు. కోఠి బండి మీద 150 రూపాయల కవర్ కొనేటప్పుడు మనం నాలుగు బండ్లు తిరుగుతాం, వంచి చూస్తాం, బేరం ఆడతాం. పదివేల షేర్లకి ఆ పాటి ఓపిక పెడదాం.

వచ్చే ఎపిసోడ్‌లో ఉత్తర సర్కారుల పేష్కష్ కథ వివరంగా చెబుతాను, ఇవాళ దాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను కదా. అప్పటిదాకా సెలవు. నమస్తే.